పెన్‌గంగలో పడవ రాయికి తగిలితే తప్పెవరిది?

చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ బొగ్గు గనిలో మా కాంట్రాక్టరు డంపర్ వెనక్కి వస్తూ గోడను గుద్దింది. నడిపినవాడిని వదిలేసి, సైగ చూపినవాడిని పనిలోంచి తీసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్లో వెతికి ఓడల చట్టం చదివాను. రేవులోకి ఓడ వచ్చేటప్పుడు స్థానిక పైలట్ ఎక్కి దారి చూపిస్తాడు. అయినా కెప్టెన్ బాధ్యత పోదు, నష్టమైతే దావా మామూలుగా ఓడ యజమాని మీదికే వెళ్తుంది. ఇది చెబితే, నదికి దగ్గరి కోర్పనా ఊరి దోస్తు నవ్వాడు. "ఫోన్ జేబుల వెట్టి పెన్‌గంగ కాడికి పో. పోసన్న కాకాను చూసిరా."

తెలంగాణ కొత్తగా ఏర్పడిన ఏడాది, వానలు తగ్గాక, సెలవు రోజున బయలుదేరాను. చంద్రపూర్ నుంచి పొద్దున్నే బస్సు ఎక్కితే రాజురా, గడ్‌చాందూర్ మీదుగా రెండు గంటలు దాటాక కోర్పనాలో దిగుతారు. టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి నది దాకా షేర్ జీపు, నిండితేగాని కదలదు. ఇవతలి ఒడ్డు మహారాష్ట్ర. డ్రైవర్‌ను అవతలి ఒడ్డు గురించి అడిగాను. "మొన్నటిదాక ఆంధ్ర, ఇప్పుడు తెలంగాణ. నీళ్లు గవే, కిరాయి గదే!" అన్నాడు.

పడవ వెనక ఇంజిన్ దగ్గర యజమాని చంద్రయ్య సేటు, ముందు వెదురు గడతో పోసన్న. నీటి కింది రాళ్లను గడతో తడిమి దారి చెప్పడం పోసన్న పని. ఆ మాట విని ఇంజిన్ తిప్పడం, ఆపడం సేటు పని. పడవ రాయికి తగిలితే ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ముందున్నవాడు గడను ఒడ్డున పడుకోబెట్టాలి. ఇంజిన్ పట్టినవాడు దాన్ని ఎత్తి తిరిగి చేతికిస్తే తప్పులో తనకూ వాటా ఉందని ఒప్పుకున్నట్టు. ఎత్తకపోతే తప్పంతా ముందున్నవాడిదే, ఆ ఏడు అతనికి పడవలో పని లేదు.

నది నడుమ పోసన్న అరిచాడు: "సేటూ, బంద్ జెయ్!" పడవలో పెళ్లివాళ్లు ఒకటే గోల. ఇంజిన్ ఆగేలోపే పడవ రాయికి తగిలి ఒరిగింది. దర్జీ లక్ష్మక్క కుట్టుమిషను నీళ్లలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒడ్డు చేరగానే సేటు మొదలుపెట్టాడు.

"నీ గడ నిద్రపోయిందా ఏంది?"

"పోలీసులకు చెప్పుదాం," అన్నాడొకడు.

"ఏ పోలీసులకు? రాయిని అడుగు, ఏ రాష్ట్రందో!" అంది లక్ష్మక్క, కళ్లు తుడుచుకుంటూనే.

నేను ఆగలేకపోయాను. "కాకా ఆపమన్నడు సేటూ, నేను విన్న. మీరే ఆపలే!"

పోసన్న నా వైపు తిరిగాడు. "ఆగు తమ్మీ. చెప్పిన, గని ఆలస్యం జేసిన. రాయి ఎరుక లేకపోవుడు నా తప్పు. చెప్పినంక ఆపకపోవుడు ఆయన తప్పు. నా తప్పు నేను ఒప్పుకుంట." గడను ఇసుకలో పడుకోబెట్టి పక్కకు జరిగాడు.

సేటు దాన్ని ఎత్తలేదు. తిరుగు పడవకు మనుషులు వచ్చి నిలబడ్డారు. ఇసుకలో గడను చూసి, దారి చెప్పేవాడు లేని పడవను ఒక్కరూ ఎక్కలేదు. "సేటూ, నువ్వు ఎత్తుతవా, మేం నడిచి పోవాల్నా?" అని ఒక ముసలామె కేకేసింది. సేటు గొణుక్కుంటూ వంగి గడ ఎత్తి పోసన్న చేతికిచ్చాడు. తర్వాత ఇద్దరూ ఆ రాయి దగ్గర నడుములోతు నీళ్లలో దిగి మిషను తీశారు. దాన్ని బాగు చేయించే పని ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు.

నేను అక్కడికి వెళ్లింది కింద పనిచేసేవాడికి ఏ తప్పూ లేదని రుజువు చేసుకోవడానికి. పోసన్న నాకు ఆ సుఖం మిగల్చలేదు. తన వాటాను దాచకుండా చెప్పాడు కాబట్టే యజమాని తన వాటా నుంచి తప్పించుకోలేకపోయాడు. అంత ధైర్యం నేను మా పనిచోట ఎవరిలోనూ చూడలేదు, నాలో కూడా.

వెళ్లేవారికి ఒక్క మాట. పడవ ఎక్కాక నోరు మూసుకుని కూర్చోండి. ముందున్నవాడి మాట వెనక ఇంజిన్ దాకా వినబడాలి.