మా అత్త తవ్విన పెద్ద చెలమ

మా అత్త, అంటే మా ఆయన తల్లి, పేరు విశ్రాంతమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లు ఆమెతో ఒక్క పూట గడిపి ఉంటే వెంటనే మార్చేసేవారు. తెల్లారకముందే లేస్తుంది. ఇంట్లో అందరినీ లేపుతుంది, కోళ్లను కూడా.

చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ గుట్టల వైపు వెళ్తే మా గూడెం, గూడెం పక్కనే వాగు. వాగంటే నీళ్లుంటాయనుకునేరు! గుట్టల్లో వాన పడితే రెండు గట్లూ ఒరుసుకుంటూ వచ్చి గోదావరిలో కలుస్తుంది. శివరాత్రి దాటిందా, ఇసుక తప్ప ఏమీ మిగలదు. బోరు వేస్తే రాయి తగులుతుంది. అందుకే తాతల కాలం నుంచీ ఎండాకాలమంతా వాగులో చెలమలు తవ్వుకుని బతుకుతున్నాం. ఇసుక అడుగున వాగుకు అడ్డంగా ఒక బండ ఉంది. నీళ్లు దాని వెనక దాక్కుంటాయి. చెయ్యి లోతు గుంట తీస్తే ఊరతాయి. మొదట ఊరిన బురదనీళ్లు తోడి పారబోసి, తేరుకున్నాక బిందెల్లో ముంచుకుంటాం. మా గూడెం ఇక్కడ నిలిచిందంటే ఆ బండ చలవే. ఏటా మొదటి చెలమ తవ్వేది మా అత్త. ఇంకెవరైనా తవ్వితే దానికి వంకలు పెట్టేదీ మా అత్తే.

అలాంటి మనిషికి లోతు నీళ్లంటే ప్రాణభయం. ఎనభై ఆరు వరదలో గోదావరి మా వాగులోకి ఎదురెక్కింది. అప్పుడు కొత్త కోడలైన అత్త మేకల్ని తోలుకొస్తూ అందులో చిక్కుకుని, ఇప్పచెట్టు కొమ్మ పట్టుకుని బతికి బయటపడింది. ఆ తర్వాత ఏనాడూ తల నీళ్లలో ముంచలేదు.

చిక్కల్లా ఏమిటంటే, మా చర్చి సంఘంలో నీళ్లలో పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లే ప్రభువు బల్లలో చేయి వేయాలి. అత్త తీసుకోలేదు. వానాకాలం అడిగితే "వరదల కొట్టుకపోత" అంటుంది. ఎండాకాలం అడిగితే "వాగుల నీళ్లేవి?" అంటుంది. పాస్టరు అయ్యగార్లు మారారు గానీ ఆమె జవాబు మారలేదు. నెలకోసారి ఆ బల్ల నుంచి రొట్టె, ద్రాక్షరసం వరసలో అందరికీ అందుతూ వచ్చి ఆమెను దాటి వెళ్లిపోతాయి. ఆరాధన అయ్యాక ఆ చిన్న గిన్నెలు కడిగేది మాత్రం ఆమే. కడిగే ముందు ఒక గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం ఒకసారి నా కంటపడింది. ఎంత గయ్యాళి అత్త అయితేనేం, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఈ ఏడు ఈస్టర్‌కు కొత్త అయ్యగారు బెన్నీ, అత్త బాప్తిస్మానికి అందర్నీ ఆటోలో భద్రాచలం గోదావరికి తీసుకెళ్తానన్నారు. గోదావరి పేరు వినగానే అత్త ముఖం పాలిపోయింది. నేను ఉండబట్టలేకపోయాను.

"అత్తమ్మా, నువ్వు తవ్వే చెలమంటే కూడ భయమేనా?"

"దాంట్ల భయమేంది? అడుగు కనబడతది."

"మరి గదే జర పెద్దగ తవ్వుకో."

నన్ను తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఆగిపోయింది. అయ్యగారి వైపు తిరిగింది. "గట్ల నడుస్తదా అయ్యగారూ?"

"దేవునికి గోదారైనా చెలమైనా ఒకటేనమ్మా. మునిగేటన్ని నీళ్లుంటే చాలు" అన్నారాయన.

శనివారం చూడాలి ఆ తమాషా! అత్త పార పట్టుకుని దిగింది. తీసినకొద్దీ ఇసుక జారి మళ్లీ లోపలే పడుతుంది. చూస్తుండగానే గూడెమంతా దిగింది. పక్కింటి సమ్మయ్య తట్ట మోస్తూ, "ఏంది వదినా, చేపలు గిట్ట పెంచుతవా?" అన్నాడు.

"పెంచుత. ముందుగాల నిన్నే వేస్త" అంది అత్త.

పొద్దుగూకేసరికి మంచం పట్టేంత చెలమ తయారైంది. బురదనీళ్లు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే తోడి పోసింది.

ఆదివారం పొద్దున నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక కనిపిస్తోంది. అత్త తెల్లచీర కట్టుకుని దిగి కూర్చుంది. అయ్యగారు ఆమె వీపు కింద చెయ్యి పెట్టగానే ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. గట్టు మీదున్న నన్ను చూసి, "హెప్సిబా, చెయ్యి పట్టుకోవే" అంది. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి ఆమె నన్ను ఏదో ఒక పని చెయ్యమనడమే గానీ, ఇలా అడగడం ఎరగను. చీరతోనే దిగిపోయాను. అయ్యగారు ముంచారు. ఆమె పట్టుకు నా గాజులు పగిలాయి. లేచింది, దగ్గింది, ముక్కు చీదింది.

"అయిపాయెనా? గింతేనా?" అంది.

గట్టు మీద అందరూ ఒకటే నవ్వు.

బల్ల ఇసుకలోనే వేశాం. రొట్టె వచ్చింది, గిన్నె వచ్చింది. ఈసారి ఆమె దగ్గర ఆగింది. కళ్లు మూసుకుని తాగి, నా చెవిలో గుసగుసగా, "గింత తియ్యగుంటదా? ఇన్నేండ్లు కడిగితి, ఒక్కరు చెప్పకపోతిరి" అంది.

ఆరాధన అవగానే, అలవాటు ఎక్కడికి పోతుంది, గిన్నెలన్నీ పోగుచేసుకుని లేవబోయింది. నేను లాక్కున్నాను. ఆ పూట నేనే కడిగాను. ఆమె ఇసుకలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే, సరిగ్గా కడగడం లేదని నన్ను తిడుతూ ఉంది.