గట్టు మీద మిగిలిన చెప్పుల జత

నేను రాజోలు సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, జనం వాడుకలో డీఈగా, పనిచేసిన ఆఖరి వేసవి అది. మే నెల చివరి వారం. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలున్నాయి. నీటిపారుదల శాఖలో నేను భయపడిన సందర్భాలు ఎక్కువ లేవు. గండి పడినప్పుడు కూడా నాకు ముందు కోపం వచ్చేది, భయం తీరిగ్గా ఇంటికెళ్ళాక వచ్చేది. ఆ ఒక్క రోజు మాత్రం రెండూ తారుమారయ్యాయి.

బయటి వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా కాలువలు ఏడాదిలో చాలా భాగం నిండుగా పారతాయి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కొన్ని వారాలు కట్టేస్తారు. పూడిక తీయడం, గేట్లు బాగుచెయ్యడం, తూములు చూసుకోవడం అన్నీ ఆ వారాల్లోనే. ఎప్పుడూ నీళ్ళుండే చోట నీళ్ళు లేకపోతే ఊరు బావురుమంటుంది. రేవు మెట్లు కిందికంటా కనిపిస్తాయి. అన్నేళ్ళ సర్వీసులోనూ నాకది అలవాటు కాలేదు.

ఆ ఏడాది హైదరాబాదులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పదకొండు మంది మూడో సంవత్సరం సివిల్ విద్యార్థులు వేసవి ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు. అది పూర్తిచేస్తేనే వాళ్ళకు డిగ్రీ. ఊపిరాడని రోజుల్లో వాళ్ళను నాకు అప్పగించడం పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే అనిపించింది. అయినా పని ఇచ్చాను. కాలువ మీదున్న ప్రతి కట్టడాన్నీ కొలిచి, ఫొటో తీసి, రిజిస్టరులో ఎక్కించాలి. రెండు వారాలు బురదలో బాగానే తిరిగారు. మొదట్లో ఏసీ బస్సు దిగిన మొహాలు, తరవాత తరవాత నల్లబడి మా వర్క్ ఇన్‌స్పెక్టరు మొహంలాగే అయ్యాయి.

ఆఖరి రోజు మిగిలింది సైఫన్. మా కాలువ ఒకచోట మురుగు కోడుకు, అంటే మురుగునీళ్ళు పోయే కాలువకు, అడ్డం వస్తుంది. అక్కడ కాలువ నీళ్ళు కోడు కిందుగా ఇటుకల సొరంగాల్లోంచి దూరి అవతల పైకి తేలతాయి. అలాంటివి మూడు పక్కపక్కనే ఉన్నాయి. మా వాళ్ళు వాటిని ఖానాలంటారు. మధ్యలో పల్లం కాబట్టి వేసవిలో కూడా అక్కడ మోకాటి లోతు నీళ్ళు నిలిచే ఉంటాయి. ఎగువన ఫర్లాంగు దూరంలో లాకు గేట్ల వెనక అప్పటికే నీళ్ళు ఎక్కించి ఆపి ఉంచాం. చివరి ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు అడుగంటాయి. పన్నెండింటికి గేట్లు ఎత్తమని ఆర్డరు. ఈ మాట రెండు రోజుల నుంచి ఆటోలో మైకు పెట్టి ఊరూరా చెప్పించాం.

పొద్దున్న ఏడింటికి విద్యార్థులు ఎగువ మొగ, అంటే నీళ్ళు దూరే నోటి, నుంచి నడిమి ఖానాలోకి దిగారు. దిగేవాళ్ళ చేత సంతకం, ఎక్కినవాళ్ళ చేత సంతకం. ఆ కాగితం నేనే తయారుచేయించాను, కాస్త గర్వంగా కూడా ఉండేది. తొమ్మిదింటికి పదకొండు మందీ పైకి వచ్చారు. పదకొండు సంతకాలూ సరిపోయాయి.

వాళ్ళలో నిహారిక అనే అమ్మాయి టేపు పట్టేది. కొలతలు తప్పు రాయదు. ఆ అమ్మాయి చేతులు కడుక్కుంటూ, ముందు నడిచిన అతను పైకి వచ్చేశాడా మేడమ్ అని అడిగింది. ఎవరతను అన్నాను. మా వెలుగుకి అవతల ఒకరు నడుస్తూ కనిపించారు, మీ స్టాఫేమో అనుకున్నాను అంది. స్టాఫ్ ఎవరూ లోపలికి దిగలేదు. పక్కనున్న వాళ్ళు నవ్వారు, ఒకడు దెయ్యం అన్నాడు, ఇద్దరు అమ్మాయిలు నిజంగానే జడుసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇంజనీరు కావలసిన పిల్లవి. కొలిచింది చెప్పు, లేకపోతే ఊరుకో," అన్నాను.

ఆ అమ్మాయి ఊరుకుంది.

పదకొండున్నరకి లాకు షెడ్డులో గేట్ల రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. గేటు ఎత్తే ముందు డీఈ టైము వేసి సంతకం పెట్టాలి. ఆ లాకు లస్కరు ఏసోబు. లస్కరంటే గేట్లు తిప్పేవాడు, గట్లు కాచేవాడు, మా శాఖలో అందరికన్నా కింది మెట్టు. అతని తండ్రి కూడా అదే లాకు మీద చేశాడు. మా లస్కర్లకు ఒక అలవాటుంది, ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. కాలువ అడుగుకి దిగేవాళ్ళు చెప్పులు గట్టు మీద విడిచి దిగుతారు, బురదలో వేసుకు నడవలేరు కనక. నీళ్ళు వదిలే ముందు లస్కరు రెండు గట్లూ నడిచి చెప్పులు చూసి వస్తాడు. మా పిల్లలు కూడా మూడో రోజుకే బూట్లు విప్పి గట్టున పెట్టడం నేర్చుకున్నారు.

ఏసోబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పులు ఒక జత మిగిలిపోయేయండి," అన్నాడు.

దిగువ మొగ దగ్గర, ఎడమ గట్టున అట. రబ్బరు చెప్పులు, నీలం పట్టీలు, ఒక పట్టీకి పిన్నీసు. ఎవరో పారేసి ఉంటారన్నాను.

"పారేసినవి తలోదిక్కునా పడతాయండి. ఇవి విడిచినవండి. కాలవేపు మొగం పెట్టి, పక్కపక్కన."

మైకులో చెప్పించాక కూడా ఎవరు దిగుతారు, కాగితం మీద లెక్క సరిపోయింది, వెళ్ళి గేటు ఎత్తమన్నాను. అప్పటికే నా పై అధికారి ఈఈ గారు రెండుసార్లు ఫోను చేశారు. చివరి ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని రోడ్డెక్కేశారని చెప్పారు. పెన్ను మూత తీశాను కూడా.

ఏసోబు గేటు తిప్పే ఇనప హ్యాండిలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఆయ్, మీరు సంతకం పెట్టేయండి. తిప్పడం మాత్రం ఇంకెవరి చేతైనా తిప్పించండి మేడమ్ గారండి."

అంత మర్యాదగా నా మాట ఎవరూ కాదనలేదు. కోపంతో చెవులు వేడెక్కాయి. మెమో ఇస్తానన్నాను. అతను తల ఊపి అక్కడే నిలబడ్డాడు. ఏం చెయ్యను? లేచి వెళ్ళాను, ముఖ్యంగా అతనిది తప్పని తేల్చడానికి.

ఆ చెప్పులు వంగి చూశాను. చిన్న పాదాలవి. మడమ దగ్గర అరిగి పలచబడ్డాయి. ఎవరో ఇప్పుడే వచ్చి కాళ్ళు పెట్టబోతున్నట్టు ఉన్నాయి. దిగువ మొగల ముందు నిలబడి అందరం కేకలు వేశాం. మా కేక లోపలికి పోయి ఎంతకీ రాలేదు. ఇక రాదనుకున్నాక, మాది కానట్టున్న గొంతుతో మెల్లిగా తిరిగొచ్చింది. ఎవరూ పలకలేదు. వర్క్ ఇన్‌స్పెక్టరు రాంబాబు, పలకలేదంటే లేనట్టే కదండీ అన్నాడు. నాకూ ఆ మాటే నమ్మాలని ఉంది.

ఏసోబు అప్పటికే చెప్పులకు దగ్గరగా ఉన్న ఖానాలో సగం దూరాడు. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని టార్చి పట్టుకుని వెనకే వెళ్ళాను. వయసు యాభై తొమ్మిది, నడుం వంచే నడవాలి. పది అడుగులు వెళ్ళేసరికి బయటి ఎండ గుర్తే లేదు. చల్లగా, కుళ్ళిన నాచు వాసన. పైన కోడు నీళ్ళ బరువు ఇటుకల మీద ఉందని లెక్క ప్రకారం ఎప్పటినుంచో తెలుసు, ఆ రోజు మెడ మీద తెలిసింది. ఎదర, ఎగువన లాకులో ఆపిన నీళ్ళు గుర్తొచ్చాయి. గేటు సందులోంచి కారే నీళ్ళ చప్పుడు లోపల బాగా వినపడుతోంది. నేను ఇంకా గియ్యని పెన్ను గీత ఒక్కటే ఆ నీళ్ళకు అడ్డం.

పల్లంలో టార్చి వెలుగు ఒక వీపు మీద పడింది.

కదలదు. పిలిస్తే పలకదు. నీళ్ళలో చతికిలబడి, చేతులు రెండూ మోచేతుల దాకా బురదలో పెట్టి కూర్చుని ఉంది. అబద్ధమెందుకు, దేవుణ్ణి తలుచుకున్నాను. అప్పుడు వెలుగు తన ముందు గోడ మీద చూసి ఆ వీపు ఇటు తిరిగింది. "చిట్టెమ్మండి," అన్నాడు ఏసోబు.

దిగువ పేటలో ఉండే మనిషి. పుట్టు చెవుడు, మాట రాదు. ఏటా కాలువ కట్టినప్పుడు పల్లాల్లో మిగిలిన మట్టగిడసలు పట్టుకుంటుంది. పక్కన సత్తు తపేలాలో నాలుగు చేపలు కొట్టుకుంటున్నాయి. పొద్దు పొడవక ముందే దిగిందట, సైగలతో చెప్పింది. మేము రెండు రోజులు ఊరంతా తిప్పిన మైకు ఆమె ఇంటి ముందు నుంచి కూడా వెళ్ళింది. ఆమెకు ఎవరూ వేరే చెప్పలేదు.

పైకి తెచ్చేసరికి పన్నెండున్నర దాటింది. రాంబాబు రిజిస్టరు గట్టు మీదికే తెచ్చాడు. చిట్టెమ్మ చెప్పులు తొడుక్కుంది. ఏసోబు మళ్ళీ రెండు గట్లూ చూసి వచ్చి, ఇంకేమీ లేవండి అన్నాడు. ఫోను మోగుతూనే ఉంది. నేను నిహారికను పిలిచి, పొద్దున్న నువ్వు చూసింది ఈమెనేనా అని అడిగాను. ఔనంటుందని, దాంతో ఆ సంగతి ముగుస్తుందని నా ఆశ.

ఆ పిల్ల చిట్టెమ్మ వంక చూడలేదు. ముందు నా మొహం చూసింది, చెప్పవచ్చా లేదా అన్నట్టు.

"కాదు మేడమ్. మగమనిషి, పొడుగు. తెల్ల చొక్కా. వంగకుండా నడిచాడు."

ఎవరూ నవ్వలేదు. నడిమి ఖానా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. పొద్దున్న ఆ కొలత తీసి రాసింది నిహారికే. పొడుగు మనిషి అక్కడ వంగకుండా నడవలేడు. ఆ సంగతి చెబుతూ చెబుతూనే ఆమెకు తెలిసినట్టుంది, పెదవులు తెల్లబడ్డాయి. ఐనా మాట వెనక్కి తీసుకోలేదు.

నా కాగితం లెక్క సరిపోయింది. ఏసోబు చెప్పుల లెక్కా సరిపోయింది. ఇంజనీరుగా నేను సంతకం పెట్టేయవచ్చు. పెట్టలేదు. ఫోను రాంబాబుకిచ్చి, ఏసోబును తీసుకుని ఎగువ మొగ నుంచి నడిమి ఖానాలోకి దిగాను. పల్లం దాకా బురదంతా పిల్లల అడుగులే. అక్కడి నుంచి వాళ్ళు వెనక్కి తిరిగారు. పల్లం దాటాక అవతలి ఒండ్రు నున్నగా, అలికిన గచ్చులాగా ఉంది. కాకి కాలు గుర్తు కూడా లేదు. ఆ చివరి దాకా వెళ్ళాం. మూడో ఖానా కూడా చూశాం. ఎవరూ లేరు. గట్టెక్కాక ఏసోబు, మా నాన్న కూడా నడిమి ఖానా దిగేవోడు కాదండి, అని మాత్రం అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఒంటిగంట యాభైకి సంతకం పెట్టాను. గేటు లేచింది. నీళ్ళు నురగతో వచ్చి మూడు మొగల్లోకీ దూరిపోయాయి.

తరవాత పదకొండు రోజులు పొద్దున్నే దిగువ లాకు దగ్గరికి వెళ్ళి, గుర్రపుడెక్కను ఆపే ఇనప కమ్మీల ముందు నిలబడి చూశాను. కొబ్బరి బొండాలు వచ్చాయి, ఒక దూడ కళేబరం వచ్చింది. మనిషెవరూ రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా కనపడకుండా పోయారేమోనని వాకబు చేయించాను. ఎవరూ లేరు. నీళ్ళు ఆలస్యమైనందుకు నాకే మెమో వచ్చింది. జవాబులో చిట్టెమ్మ గురించి రాశాను, రెండోసారి ఎందుకు దిగానో రాయలేదు. నిహారిక సర్టిఫికెట్టులో, పరిశీలన మెచ్చుకోదగినది అని నా చేత్తో రాశాను. ఆ అమ్మాయి అది చదివి థాంక్స్ చెప్పింది, నవ్వలేదు.

ఆ రోజు నాకు భయపడే లస్కరు డ్యూటీలో ఉండి ఉంటే పన్నెండింటికి సంతకం పడేది. ఇది నేను చాలాసార్లు లెక్క వేసుకున్నాను, ప్రతిసారీ అదే జవాబు. దానికన్నా ముందు లెక్క ఇంకొకటుంది. తొమ్మిదింటికే ఆ పిల్ల, లోపల మనిషి ఉన్నారని నాకు చెప్పింది. ఎవరు, ఎలా ఉన్నారు అన్నది ఆమె తప్పుగా చూసి ఉండవచ్చు. ఉన్నారన్నది మాత్రం తప్పు కాదు.