అమ్మ పేరు లేని కార్డు

ఉద్యోగంలో చేరిన నెల నుంచే నా జీతంలో ఆరోగ్య పథకం కోత మొదలైంది. కావాలా వద్దా అని ఎవరూ అడగరు. టీచర్లందరికీ కోస్తారు, బదులుగా హెల్త్ కార్డు ఇస్తారు. ఆ కార్డుకు దరఖాస్తు నింపింది మా ఆయన. నేను పక్కగదిలో చంటిపిల్లకు పాలిస్తున్నాను. మా పథకంలో ఆడ ఉద్యోగి తన అమ్మానాన్నలనైనా రాసుకోవచ్చు, అత్తమామలనైనా రాసుకోవచ్చు. అందరినీ రాయడానికి వీల్లేదు. మా ఆయన తన అమ్మానాన్నల పేర్లు రాసి తెచ్చి, సంతకం చెయ్యమని పెన్ను చేతికిచ్చాడు. చేశాను. నన్నొక మాట అడగాల్సిందన్న సంగతి కూడా ఆ రోజు నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ సంతకం గుర్తొస్తే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

మా అమ్మది కోటబొమ్మాళి. నాన్న పోయాక తమ్ముడి దగ్గర ఉంటోంది. వాడికి చిన్న సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. అమ్మ ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆ మధ్య తిన్నప్పుడల్లా కుడివైపు డొక్కలో నొప్పి వస్తుంటే, గ్యాస్ అనుకుని కొన్నాళ్ళు సోడాలు తాగింది. ఒకరోజు కత్తెర చేతిలో ఉండగానే మెలికలు తిరిగిపోయిందని తమ్ముడు ఫోన్ చేశాడు. నేను పనిచేసే చీపురుపల్లి స్కూలుకు సెలవు పెట్టి, విజయనగరం నుంచి వెళ్ళి ఆమెను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. ఆపరేషన్ చెయ్యాలి, ప్రాణం మీదికి రాలేదు గానీ నెలల తరబడి వాయిదా వెయ్యొద్దన్నాడు డాక్టరు.

రేషన్ కార్డు ఉంటే ఉచితంగానే అయిపోతుందని నర్సు చెప్పింది. అమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కార్డు తీసి కౌంటర్లో ఇచ్చింది. అక్కడి అమ్మాయి నంబరు కొట్టి, కార్డు రద్దయిపోయిందని, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నట్టు చూపిస్తోందని చెప్పింది. ఆ ఉద్యోగిని నేనే. పెళ్ళై ఇన్నేళ్ళైనా పుట్టింటి కార్డులోంచి నా పేరు ఎవరూ తీయించలేదు.

అమ్మ నా వైపు తిరిగి, కోపం లేకుండానే అడిగింది.

"నీ ఉద్దోగం వల్ల నా కార్డు పోనాదా పాపా? మరి నీ కార్డులో నాను ఉన్నానా?"

లేవమ్మా అన్నాను. అమ్మ తలూపి, కార్డును మళ్ళీ కవర్లో పెట్టి జాగ్రత్తగా మడిచింది. డబ్బు కట్టి చేయించేస్తానంటే ఒప్పుకోలేదు. మందులు రాయించుకుని, ఆమెను విజయనగరం మా ఇంటికి తెచ్చేశాను.

హెల్త్ కార్డు లేకపోయినా అమ్మకు ఒక ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీ తీసుకుంటే తీరిపోతుందనుకున్నాను. మా స్కూల్లో ఒక టీచరు భర్త ఎచ్చెర్లలో ఉంటాడు, పాలసీలు కట్టిస్తాడు. ఆదివారం పొద్దున్నే ఇంటికి వచ్చాడు. ముందుగదిలో అమ్మ, మా అత్తగారు, మా ఆయన, నేను కూర్చున్నాం. ఉన్న జబ్బులకు మొదట్లో పాలసీ పనిచెయ్యదని, రాళ్ళకైనా, అమ్మకు ఎప్పట్నుంచో ఉన్న షుగరుకైనా మూడేళ్ళు ఆగాలని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, స్కాన్ జరిగినట్టు మనకు తెలియదనుకుందాం, షుగరు సంగతి కూడా వదిలేద్దాం, కొన్ని నెలలాగి ఆపరేషన్ చేయించుకోవచ్చన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "రాయండి బాబూ. రాళ్ళున్నాయి, సుగరున్నాది. దొంగరాత మీద నాను సంతకం పెట్టను."

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ క్షణంలో నేను అతని మాటకు సగం ఒప్పేసుకుని ఉన్నాను.

అతను నొచ్చుకోకుండా రాళ్ళనీ షుగరునీ రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ, మేడమ్ గారికి హెల్త్ కార్డుంది కదా, అమ్మగారు అందులో ఎందుకు లేరని మామూలుగానే అడిగాడు. మా ఆయన అందుకుని, అందులో తన అమ్మ ఉందని చెప్పాడు. మా మామగారు అప్పటికే పోయారు. అత్తగారు మాతోనే ఉంటోంది.

అప్పటిదాకా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తింది. "నానెందుకున్నాను? నా కళ్ళు సిన్నోడి కార్డు మీద కదా సేయించినారు."

చిన్నోడంటే మా మరిది. అతనూ ప్రభుత్వోద్యోగే. అతని కార్డులోనూ అత్తగారి పేరు ఉంది. ఒక మనిషికి రెండు కార్డులు, ఇంకో మనిషికి ఒక్కటీ లేదు. నేను మా ఆయన్ని చూశాను. తనకు గుర్తులేదన్నాడు. అబద్ధం చెప్పినా బాగుండేది. తన తమ్ముడి కార్డు మీద తల్లికి రెండు కళ్ళూ బాగుచేయించి, ఆసుపత్రి నుంచి తనే దగ్గరుండి తీసుకొచ్చినవాడికి, నాకూ ఒక తల్లి ఉందన్న సంగతి నిజంగానే గుర్తు రాలేదు.

నా కార్డులో అత్తగారి పేరు తీసేసి మా అమ్మ పేరు రాయిస్తానన్నాను. తీసేస్తే బాగోదు, అమ్మ ఏమనుకుంటుందని మా ఆయన గొణిగాడు. వాళ్ళమ్మ ఎదురుగానే ఉంది.

"నన్నెవులడిగినారు?" అంది అత్తగారు. "అప్పుడూ అడగనేదు, ఇప్పుడూ అడగనేదు. తీసియ్ అమ్మా."

పెళ్ళై పన్నెండేళ్ళలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. సంతోషించాల్సింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు ముసలాళ్ళను గదిలో కూర్చోబెట్టుకుని, వాళ్ళ పేర్లతో మేం ఆడుకుంటున్నట్టనిపించింది.

పేరు మార్చడం ఒకరోజు పని కాదు. కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మూడోసారి ఒక గుమాస్తా, మీ వారిని కూడా ఒక సంతకం పెట్టమనండి మేడమ్, రేపు గొడవలొస్తాయన్నాడు. ఆ రూలు ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేక, అడిగానంతే అన్నాడు. నా గొంతు లేచిపోయింది. నా జీతంలో కోసేటప్పుడు మా ఆయన సంతకం అడిగారా అన్నాను. గదిలో అందరూ తలలెత్తి చూశారు. అతను గబగబా ముద్ర వేశాడు.

ఈలోగా ప్రైవేటు పాలసీ కాగితం వచ్చింది. మూడేళ్ళు ఆగాలన్న చోట వేలు పెట్టి చదివి వినిపిస్తే, "అంతవరకూ బతకమని రాసినారన్నమాట" అంది అమ్మ. ఆ పాలసీ వదల్లేదు. హెల్త్ కార్డు తీసుకోని ఆసుపత్రులు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

కార్డులో అమ్మ పేరు ఎక్కాక, విజయనగరంలోనే ఆపరేషన్ చేయించాం. అది బాగానే జరిగింది. రెండో రోజు మా ఆయన ఫ్లాస్కులో జావ పట్టుకుని వార్డుకు వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఎలా ఉందత్తా అని అడిగి, గ్లాసులో పోసి ఇచ్చాడు. అమ్మ ఆప్యాయంగా తీసుకుని తాగింది, కూర్చో బాబూ అంది. ఆమెకు కోపం లేదు. అతను నా వైపు చూసి, నువ్వూ కొంచెం తాగు అన్నాడు.

నేను ఆ జావ ముట్టకుండానే బ్యాగు తీసుకుని, చీపురుపల్లి బండి టైమైందని చెప్పి స్కూలుకు వెళ్ళిపోయాను.