టీవీకి కప్పిన గొంగడి

మొన్న తాండూరుల ఉరుములు మొదలైతే ఫ్రిజ్ ప్లగ్గు, టీవీ ప్లగ్గు పీక్కుంట ఇల్లంత తిరిగిన. "జర కూసో అమ్మా" అని నా బిడ్డ నవ్వింది. నా కాలు ఒక్కతాన నిలువదు.

చిన్నప్పుడు కుల్కచర్ల దిక్కు మా ఊర్ల గిట్లనే పగటిపూట మబ్బు పట్టింది. "ఉరిమితే టీవీ పైలం బిడ్డా" అని చెప్పి అమ్మ చేనుకు పోయింది. గొర్లు కాసే మా తాత ఎప్పుడూ "ఎంత ఉరిమినా గొంగడి కప్పుకుంటే నాకేం ఫికర్" అనేటోడు. గొంగడి పిడుగును ఆపుతదనుకొని, దండెం మీదున్న దాన్ని తీసి టీవీకి కప్పిన. ప్లగ్గు సంగతి నాకు తెల్వదు.

కప్పినంక దడ మొదలైంది. గొంగడి ఇంట్లుంటే గొర్లతోని గుట్ట కాడున్న తాతకేది? ఇంట్లకు, వాకిట్లకు నాలుగుసార్లు తిరిగి, గొంగడి గుంజుకొని వానల ఉరికిన.

తోవల తాత ఎదురొచ్చిండు. "ఉరుముల ఎందుకొచ్చినవే పోరీ?"

"గొంగడి టీవీకి కప్పిన తాతా. నీకు లేదని యాదికొచ్చి తెచ్చిన."

"టీవీకి చలిపెట్టిందా?" అని నన్ను ఎత్తుకొని ఇంటిదాకా ఆగకుండ ఉరికిండు.

ఇంట్ల టీవీ మాడిన వాసన. చేన్ల నుంచి వచ్చిన అమ్మ నన్ను కొట్టనీకి చెయ్యెత్తితే, "ప్లగ్గు పీకుమని దానికి చెప్పినవా?" అని తాత అడ్డమొచ్చిండు.

తాత చేతులు వణుకుతుంటే తడిసి చలిపెట్టిందనుకున్న. నా బిడ్డ పుట్టినంకనే తెలిసింది, అది చలి కాదని.