ఫొటో లేనోళ్ల బొమ్మలు

ఐదో తరగతిల లెక్కల పుస్తకం నిండ సారు మీసాలు గీసిన. సారు పుస్తకం తెరిచిండు, నేను బడి మూసిన. గంతే నా చదువు. పోచంపల్లిల బాపు మగ్గం నేస్తుంటే నా చేతికి దారం కంటె బొగ్గుముక్కనే మంచిగ అతికేది. పెద్దయినంక నల్లగొండల బొమ్మలు గీసే దుకాణం పెట్టిన. సోడా దుకాణం గోడ మీద సీసాలు, బండ్ల మీద నెమళ్లు, ఏది చెప్తే అది. ఒకపారి పులిని గీస్తే, అమ్రాబాద్ దిక్కుకెల్లి వచ్చినాయన చూసి, "గిది మా అడివి పులి గాదు, మీ వాడకట్టు పిల్లి" అన్నడు. నిజమే. పిల్లిని చూసే గీసిన.

అసలు గిరాకి మాత్రం పోయినోళ్ల బొమ్మలది. నిజాం రాజ్యం పోయి పదేండ్లయినా మా ఊర్లల్ల ఫొటో దిగినోళ్లు తక్కువ. మనిషి పోయి సంవత్సరీకం దగ్గరపడితే, ఫొటోకు బదులు చుట్టాలను ఎంబడి తెచ్చేటోళ్లు. కేతేపల్లికెల్లి ఒకామె మరిదిని, కొడుకును తెచ్చి నా ముంగట కూసోబెట్టింది.

"మా ఇంటాయన ముక్కు గీ మరిది లెక్కనే. చెవులు గీ పోరనియి. మిగిలింది నేను చెప్త."

"మరి మీసాలక్కా?"

"పెట్టు తమ్మీ, జర పెద్దగనే పెట్టు. బతికున్నప్పుడు పెంచమంటే ఇనకపాయె."

మరిది నవ్విండు. ఆమె నవ్వలే. బొమ్మ అయినంక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "మాట్లాడుతడేమో అనిపిస్తాంది" అన్నది.

ఆ మాటతోని నా పానం గుంజింది. అందరి పోయినోళ్లను గీసిచ్చే నాకు మా అమ్మ మొఖం తెల్వదు. నాకు రెండేండ్లప్పుడు పోయింది. ఫొటో లేదు. ఆమెకు తోడబుట్టినోళ్లు లేరు, నాకేమో బాపు పోలికే వచ్చింది. ఆమె మొఖం ఎరిగినోడు ఇగ బాపు ఒక్కడే. బాపు చూపు తగ్గుతాంది, మతిమరుపు గూడ మొదలైంది. ఆయన మరిచిపోయిన రోజు ఆమె మొఖం ఈ లోకంల ఇంకెక్కడా ఉండదు.

అప్పటిసంది ఐతారం ఐతారం బస్సెక్కి ఇంటికి పోయేటోన్ని.

"మొఖం గుండ్రంగనా, కోలగనా?"

"మంచిగుండె."

"ముక్కు?"

"అది గూడ మంచిగుండె."

"బాపూ, పోలీసోళ్లు నిన్ను పట్టుకపోతే, అడిగి అడిగి వాళ్లే పారిపోతరు."

గీసింది చూపిస్తే తల అడ్డంగ ఊపేటోడు. "మంచి పిల్లనే. ఎవరి పిల్లనో."

రెండేండ్లు గట్లనే గడిచినయి. ఒకనాడు ఓపిక పోయి, "నువ్వు అసలు అమ్మను ఎన్నడన్న చూసినవా?" అన్న.

బాపు మగ్గం మీద అటిటు ఉరికే నాడె ఆపిండు. "ఇక్కడికెల్లి చూసిన" అన్నడు.

అప్పుడు సమజైంది. అత్తమామలున్న ఇంట్ల మొగడు పెండ్లాం ఎదురెదురు కూసొని చూసుకునుడు ఏడిది? బాపు మగ్గం గుంటల కాళ్లు పెట్టి నేస్తుంటె, అమ్మ పక్కన రాట్నం ముంగట తల వంచి కండెలకు దారం చుట్టేది. ఆయన కాపురమంత ఆ పక్క చూపుతోనే నడిచింది. నేనేమో అందరికి గీసినట్టే ఆమెను గూడ నిటారుగ, ఎదురుంగ కూసోబెట్టి గీస్తున్న.

బాపును లేపి ఆయన జాగల కూసున్న. కాళ్లు గుంటల పెట్టి, ఒడిల కాగితం పెట్టుకొని పక్కకు చూసిన. రెండేండ్లు 'మంచిగుండె' తప్ప ఇంకో మాట తెల్వని మనిషి ఇగ ఆగలే.

"మెడ ఇంక జర వంచు. చెవి కాడ వెంట్రుకలు బయటికి పడేటియి, మోచేతితోని నూక్కునేది. దారం తెగితె పెదవి కొరుక్కునేది."

అయినంక కాగితం తీసుకొని దర్వాజ కాడి వెలుతురుకు పోయిండు. శానసేపు చూసిండు.

"కొంగు జర ముంగటికి గుంజురా. మా నాయిన ఇంట్లనే ఉన్నడు."

తాత పోయి ఏండ్లాయె. అయినా పెన్సిలుతోని కొంగు గుంజిన. సగం చెంప దాక్కున్నది.

ఆ బొమ్మ రాట్నం జాగల గోడకు పెట్టినం. బాపు నేసుకుంట నేసుకుంట పక్కకు చూసేటోడు, చూపున్నన్ని రోజులు. ఆయనకు ఆమె దొరికింది. నాకు దొరికినయి ఒక చెవి, సగం చెంప, వంగిన మెడ.

ఇప్పటికీ పని లేనప్పుడు తెల్లకాగితం ముంగటేసుకొని, ఆమెను నా దిక్కు తిప్పుదామని కూసుంట. పక్కన రెండేండ్ల పోరన్ని నేను ఏడిస్తె, రాట్నం ఆపి ఒక్కపారన్న చూసే ఉంటది గద. ఆ చూపు గీస్త. కాదనిపిస్తది. చెరిపేస్త.