కార్ఖానా దగ్గు

సుగుణ మేడం రుజువు చేసిందట. మొన్న మా ఉక్కు కార్ఖానా ఊళ్లో, క్యాంప్ 2 అనే బస్తీలో జరిగిన ఆమె జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆ మాటే చెప్పారు. ఒక ఇంట్లోకి క్షయను కోడలు తేలేదని, మొగుడి దగ్గర నుంచే ఆమెకు అంటుకుందని డాక్టరమ్మ రుజువు చేసి ఒక కాపురం నిలబెట్టిందట. అందరూ తలలూపారు. అప్పుడే నా వెనక వరసలో ఎవరో దగ్గారు. లోతుగా, తడిగా, అణచుకోబోయి అణచుకోలేక దగ్గిన దగ్గు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఆవిడ రుజువు చేసిందేమీ లేదు. అలా చెప్పమని ఆవిడతో గొడవపడినదాన్ని నేను, నాకు తెలియదా?

బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపి ఛత్తీస్‌గఢ్ అని రాయిస్తున్న రోజులవి. పక్కనే ఉన్న ఖుర్సీపార్ బస్తీలో క్షయ రోగుల కోసం నడిచే చిన్న క్లినిక్‌కి ఆవిడే డాక్టరు. బీయస్సీ పాసైన నేను అక్కడ కఫాన్ని గాజు పలకల మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసేదాన్ని. ఆవిడ ఎంతో మృదువుగా మాట్లాడేదని కూడికలో ఎవరో అన్నారు. అన్నవాళ్లు ఆవిడ దగ్గర ఒక్కరోజు కూడా పనిచేసి ఉండరు.

మా తెలుగు ఇళ్లలో అప్పట్లో దగ్గుకి రెండు పేర్లుండేవి. మగవాడు దగ్గితే అది కార్ఖానా దగ్గు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల పొగ, డ్యూటీ ధూళి, ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే సరి. అందులో కొంచెం గొప్ప కూడా ఉండేది, సంపాదించేవాడి దగ్గు కదా. అదే ఆడది దగ్గితే క్షయ, పుట్టింటి నుంచి వచ్చిన క్షయ.

కుమారిని వాళ్లత్త తీసుకొచ్చింది. శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. కొద్ది వారాల్లోనే జ్వరం, చెమటలు, కఫంలో నెత్తురు, చేతుల్లో గాజులు నిలవనంత చిక్కిపోవడం. పరీక్షలో క్షయ తేలిందని మేము చెప్పగానే అత్త లేచి నిలబడింది.

“సూసినారా మేడంగారూ. మా ఇంట అడుగెట్టింది, రోగం ఎట్టుకొచ్చింది. పెట్టె సర్దేసినాం. రేపు బండికి అన్నదమ్ముల కాడికి పంపేస్తాం.”

ఆ అన్నదమ్ముల ఊళ్లో మందు ఇచ్చేవాళ్లు లేరు. పంపడమంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు, కుమారికి కూడా. ఆ పిల్ల నేలవైపే చూస్తోంది. గుమ్మంలో నిలబడిన మొగుడు అప్పలరాజు అప్పుడే దగ్గాడు. మేడం తల తిప్పింది.

“నీకు ఎన్నాళ్ల నుంచి?”

“నాకేటి మేడమ్. తింటన్నాను, డ్యూటీకెల్తన్నాను. శానా రోజులై ఉన్నదే, కార్ఖానా దగ్గు.”

“దగ్గుతోంది కార్ఖానానా, నువ్వా? డబ్బాలో కఫం ఇచ్చి కదులు.”

అతని పలక నేనే చూశాను. నీలం నేల మీద ఎర్రటి పుల్లల్లా క్షయ పురుగులు, అచ్చం కుమారి పలకలో ఉన్నట్టే. ఆ మనిషికి జ్వరం లేదు, భుజాలు తగ్గలేదు. నాకు ఒకటే సంతోషం. పరిగెత్తుకెళ్లి, “అతని దగ్గు ముందుది మేడం. ఆమెకు అంటించింది అతనేనని చెప్పేయండి” అన్నాను.

ఆవిడ కుర్చీ చూపించింది. “క్షయ పురుగు ఒక్కటే రకం అనుకుంటున్నావా? దాంట్లో వంశాలున్నాయి. ఒక వంశం లోపలికి రాగానే ఒంటి కాపలానంతా నిద్రలేపుతుంది. ఆ జ్వరం, ఆ చిక్కిపోవడం చాలామటుకు మన ఒళ్లు చేసే యుద్ధమే. ఇంకొకటి కాపలావాణ్ణి లేపకుండా మెల్లగా మకాం పెడుతుంది. ఇతనిది అలాంటిదై ఉండొచ్చు. ఆమె వేరేది ఊరి నుంచే తెచ్చుకుని ఉండొచ్చు. లేదా ఇద్దరిదీ ఒకటే అయి, ఒళ్లే వేరు వేరుగా తిరగబడి ఉండొచ్చు.”

“రెండు పలకలూ ఒకేలా ఉన్నాయి కదా.”

“నువ్వూ మీ అక్కా వెనక నుంచి ఒకేలా ఉంటారు. మీ బావ ఎప్పుడైనా పొరబడ్డాడా?”

వంశం పోల్చే పరీక్షలు ఎక్కడో పెద్ద ప్రయోగశాలల్లో ఉన్నాయట. మాకున్నది ఒక మైక్రోస్కోపు. నేను వదల్లేదు. “అబద్ధమైతే ఏం పోయింది? ఆ పిల్ల బతుకుతుంది” అన్నాను. “నేను డాక్టర్ని, ఆ ఇంటికి తీర్పు చెప్పే పెద్దమనిషిని కాదు” అని, ఆవిడ వాళ్లను లోపలికి పిలిచింది.

“ఇద్దరికీ ఉంది. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో నాకు తెలీదు.”

“తెలీకపోతే డాక్టరేటి?” అంది అత్త.

“నీకు తెలుసా? కోడల్ని పంపుతానంటున్నావు కదా, ఇద్దర్నీ పంపు. రోగం ఇద్దరిదీ. డ్యూటీ పోతుంది, పోనీ.”

అత్త తన కొడుకు భుజాల వంక చూసింది. “ఏటి మందులు?” అని అడిగింది. పెట్టె విప్పేశారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని మా కళ్లెదుటే మాత్రలు మింగేవారు. ఇద్దరికీ నయమైంది.

పాస్టరుగారి కథ అక్కడితో ఆగిపోతుంది. మందులు అయిపోయాక కుమారి ఒంటరిగా వచ్చిన సంగతి ఆయనకు తెలియదు. “మేడంగారూ, నాను తెచ్చానా, ఆయనిచ్చారా? మా అత్త వడ్డించినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతాది” అంది. “తెలీదమ్మా” అంది మేడం. కుమారి తలూపి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను మేడంతో మాట్లాడలేదు. ప్రాణం నిలిపింది సరే, ఒక్క మాటతో ఆ పిల్ల తల ఎత్తించి ఉండొచ్చు. ఇప్పటికీ నా వాదన అదే.

అయినా ఇన్నేళ్లుగా నేను పనిచేసిన ప్రతి ల్యాబులోనూ, ఎవరు ఎవరికి అంటించారని ఇంటివాళ్లు నిలదీసినప్పుడు నా నోటి నుంచి వచ్చేది ఆవిడ మాటే. తెలీదు, ఇంటిల్లిపాదీ కఫం డబ్బాలు తీసుకోండి. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, చెప్పక తప్పదు. ఆ రెండు పలకలూ ఎప్పుడో పారేశాం. ఆ రెండిట్లో ఉన్నది ఒకే వంశమా, రెండా? ఒకటే అయితే, ఆమెను వారాల్లో పీల్చేసిన పురుగు అతని ఛాతీలో అన్నాళ్లు ఆ దగ్గు తప్ప ఏ చప్పుడూ లేకుండా ఎలా కూర్చుంది?