పేరు నిలబెట్టిన కాజాల అత్తయ్య

మా మేనత్త అసలు పేరు సిసీలియా. ఆసుపత్రివాళ్ళు తప్ప ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెళ్ళి కాకముందు నుంచీ దర్జీ కొట్లో కూర్చుని చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టిన మనిషి కాబట్టి, వీధి వీధంతటికీ ఆమె కాజాల అత్తయ్యే. మిషను కాజా కనపడితే చాలు, "అది కాజా కాదు, చిరుగు" అనేది.

ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కన్ను కూడా ఈమధ్య మసకబారితే నిన్న ఆపరేషన్ చేశారు. ఈ ఉదయం కట్టు విప్పాలి. చూపు వస్తే మళ్ళీ సూది పడుతుంది, రాకపోతే ఇక అంతే.

అత్తయ్య, మామయ్య, నేను ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నర్సు తలుపు తీసి, "సిసీలియా గారూ, తర్వాత మీరే" అంది. ఆ పేరుకేదో మంచి అర్థం ఉండకపోతుందా, చదివి ధైర్యం చెబుదామనుకుని మామయ్య ఫోన్ తీశాడు. అసలే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"లాటిన్ పేరట. పాతకాలం రోమన్ల ఇంటిపేరొకటి ఉందట, దాన్నుంచి వచ్చిందట. ఆ ఇంటిపేరేమో 'కైకస్' అన్న మాట నుంచట. కైకస్ అంటే గు..."

మిగతాది మింగేశాడు.

"గు అంటే?" అంది అత్తయ్య.

"గుణవంతురాలు," అన్నాను నేను.

"నీ మొహం. గుడ్డి అనేగా?"

అత్తయ్య రెండు చేతులతో కట్టును అదిమిపట్టుకుంది. "నేను విప్పించుకోను. విప్పనంతసేపూ నేను గుడ్డిదాన్ని కాదు."

నర్సు మళ్ళీ పిలిచింది. అత్తయ్య కదల్లేదు. మామయ్యను అక్కడికక్కడే నమిలి మింగేయాలనిపించింది. ఆయన మాత్రం ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"మీ అమ్మకి లాటిన్ వచ్చా ఏంటే? పిలవడానికి బావుందని పెట్టింది. పద."

ఆమె చెప్పులు దగ్గరికి లాగి తనే కాళ్ళకి తొడిగాడు. అత్తయ్య లేచింది.

లోపల నర్సు కట్టు విప్పింది. అత్తయ్య రెప్ప తెరిచి రెండు మూడుసార్లు ఆర్పింది. చివరికి ఆమె నా చొక్కాకేసి మెడ సాచింది.

"నీలం చొక్కాకి నల్లదారమా! ఏ గుడ్డిమొహం కుట్టిందిరా ఆ కాజా?"

ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "నువ్వే అత్తయ్యా. పోయిన నెల."

ఆమె ఆ కాజాను ఇంకోసారి పరీక్షగా చూసుకుంది.

"అయితే పేరు నిలబెట్టానన్నమాట," అంది.